బొమ్మ వెనక పరదా

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మీ ఇంట్లో గోడకి పాత పెళ్ళి ఫొటో వుంటే ఒక్కసారి కిందికి దించి చూడండి. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని వుంటుంది. తాతయ్య కుర్చీ మీద చెయ్యి వేసి బిగదీసుకుని నిలబడి వుంటాడు. వాళ్ళని చూస్తాం సరే, వాళ్ళ వెనక ఏముందో ఎప్పుడైనా చూశారా? మా ఇంటి ఫొటోలో పాలరాతి మెట్లు, మెట్ల పక్క కొలను, కొలనులో ఒక హంస, పైన చంద్రుడు. మా తాతయ్య జన్మలో పాలరాతి మెట్లు ఎక్కినవాడు కాదు. అది స్టూడియోవాళ్ళ గుడ్డ పరదా. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో పెళ్ళయిన జంటలెన్నో ఆ హంస ముందే నిలబడ్డాయట. అయినా ఆ హంస లేకపోతే ఆ ఫొటో లేదు. మెట్లూ కొలనూ తీసేసి చూడండి, ఇద్దరు మనుషులు గాలిలో వేళ్ళాడుతున్నట్లుంటారు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ హంస సంగతే. కాకపోతే ఫొటో స్టూడియోలో హంస కాదు, ఫోను మీదా కంప్యూటరు మీదా బొమ్మలు వేసే మన పిల్లలకి కావలసిన హంస. "ఇది ఆడవాళ్ళ కార్యక్రమంలో చెప్పవలసిన సంగతేనా?" అని మా వారే అడిగారు. ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసి నాలుగు రాళ్ళు సంపాదించుకునే ఆడపిల్లలు ఇప్పుడు చాలామందే వున్నారు. మరి వాళ్ళకి చెప్పక ఎవరికి చెప్పాలి?

మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. శుభలేఖల మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కార్టూను బొమ్మలుగా వస్తున్నారు చూశారా, అలాంటివి వేస్తుంది. పుట్టినరోజు పిల్లల బొమ్మలు, ఎవరైనా సొంతంగా కథ రాసుకుంటే అందులో పాత్రల బొమ్మలు కూడా వేసిపెడుతుంది. ఆ డబ్బుతో ఫీజు కొంత తనే కట్టుకుంటుంది. మనుషుల్ని మహా చక్కగా వేస్తుంది. జడలో పువ్వులు లెక్కపెట్టుకోవచ్చు. కానీ వెనక ఏదైనా వెయ్యమంటే మాత్రం మొహం ముడుచుకుంటుంది. "మనిషైతే ఒక పూటలో అయిపోతుంది పిన్నీ. గుడి వెయ్యాలంటే మూడు రోజులు. వాళ్ళు డబ్బిచ్చేది మనిషికే కదా" అంటుంది. దాని మాటా నిజమే.

కిందటేడు ఒక పెళ్ళివారు వెనక గోపురం కావాలన్నారు. ఇది ఇంటర్నెట్‌లో వెతికి, సాయంకాలపు వెలుగులో వున్న గోపురం ఫొటో ఒకటి దించుకుని, పెళ్ళివారి బొమ్మల వెనక పెట్టేసింది. అందరూ బాగుందన్నారు. శుభలేఖలు అచ్చయ్యాయి, పంచుకున్నారు. వారం తిరక్కుండా ఆ ఫొటో తీసినాయన దగ్గర్నుంచి పెళ్ళివారికి కబురు వచ్చింది, ఎవరినడిగి నా ఫొటో వాడుకున్నారని. పెళ్ళివారు దీన్ని పట్టుకున్నారు. శుభకార్యం ముందు ఇదేం తలవంపులమ్మా అన్నారు. ఇచ్చిన మూడు వేలూ తిరిగి ఇచ్చేసింది, ఫొటో తీసినాయనకి క్షమాపణ రాసి పంపింది. అప్పటికి పరీక్ష ఫీజు కట్టడానికి ఇంకా నాలుగు రోజులే గడువు. మా అక్క చీటీ డబ్బు తీసి కట్టింది. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఆ పిల్ల నా దగ్గరకొచ్చి "నేను దొంగతనం చేశానా పిన్నీ?" అని అడిగింది చూడండి, ఆ మాటకి నా ప్రాణం వుసూరుమంది.

తర్వాత రెండు నెలలు తెల్ల కాగితం మీద మనుషుల్నే వేసి ఇచ్చింది. వచ్చేవాళ్ళు తగ్గారు. తయారుగా వున్న దృశ్యాలు కట్టలు కట్టి అమ్ముతారని ఎవరో చెబితే వెల కనుక్కున్నాం. దాని నెల సంపాదన కన్నా ఎక్కువే. అవి తెరవడానికి నెల నెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేరు ఇంకొకటట. సరే, ఇంట్లో వున్నవాటితో ఏమవుతుందో చూద్దామని పిన్నీ కూతురూ ఇద్దరం కూర్చున్నాం. నాకు బొమ్మలు రావు. పదో తరగతితో చదువాపినదాన్ని, నాకు తెలిసిన చిత్రకళ అంతా వాకిట్లో ముగ్గే. అయినా కొన్ని సంగతులకి ముగ్గు తెలిసినా చాలునని తేలింది.

ముందుగా ఆ దొంగతనం మాట తేల్చుకుందాం. ఇంటర్నెట్‌లో కనిపించినది ఊరి చెరువులో నీళ్ళలాంటిది కాదు, ఎవరి పెరట్లోనో కాసిన జామకాయ. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు వేసినవారి జీవితకాలమంతా, వారు పోయాక ఇంకా 60 ఏళ్ళదాకా వుంటుంది. 2012లో చట్టం మార్చాక ఫొటోలకీ అదే లెక్క. రవివర్మ 1906లో పోయారు కనుక ఆయన చిత్రాల మీద ఆ హక్కు ఎప్పుడో తీరిపోయింది. నిన్న మొన్న ఎవరో తీసిన గోపురం ఫొటో అలా కాదు. ఇందులో ఒక చిత్రం వుంది. ఆ గోపురం ముందు మనమే నిలబడి బొమ్మ వేసుకున్నా, ఫొటో తీసుకున్నా చట్టం తప్పు పట్టదు. తప్పల్లా ఇంకొకరి ఫొటో ఎత్తుకురావడంలోనే వుంది.

అడిగి పుచ్చుకోనక్కర్లేనివి కూడా వున్నాయి. న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం అని పెద్ద ప్రదర్శనశాల వుంది. వాళ్ళు 2017లో హక్కులు తీరిన మూడు లక్షల డెబ్బై అయిదు వేల చిత్రాలకి పైగా ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని తలుపులు తెరిచేశారు. స్మిత్‌సోనియన్ వాళ్ళు 2020లో అదే పని చేశారు. పోలీ హేవెన్ అనేచోట ఇటుక గోడలు, రాతి నేలలు, ఆకాశాలు ఫొటోలుగా వుంటాయి, అవీ అంతే. ఇలాంటివాటి పక్కన "సీసీ జీరో" అని రాసి వుంటుంది. అంటే ఇచ్చినవారు హక్కు వదులుకున్నారని అర్థం. "సీసీ బై" అని వుంటే వాడుకోవచ్చు గానీ తీసినవారి పేరు వెయ్యాలి. దాని చివర "ఎన్‌సీ" అని వుంటే డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. బియ్యం ఏరినట్టు ఈ అక్షరాలు ఏరి చూసుకోవాలి. మా పిల్ల ఇప్పుడు ఏది ఎక్కడ దించుకున్నదీ తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకుంటోంది. పాల లెక్క పుస్తకం చివరి కాగితాలే లెండి.

ఇక అసలు పని. వెనక దృశ్యం అనగానే ఊరంతా వెయ్యాలి కాబోలు అనుకుంటాం. అక్కర్లేదు. గుళ్ళో అమ్మవారి విగ్రహం వెనక ఏముంటుంది? మకరతోరణం. కొండలూ లేవు, చెట్లూ లేవు. అయినా చూపు తిన్నగా అమ్మవారి మొహం మీదికే పోతుంది. అల్ఫాన్స్ ముచా అని ఒక చిత్రకారుడు, 1860లో పుట్టి 1939లో పోయాడు, పారిస్‌లో నాటకాల పోస్టర్లు వేసి గొప్ప పేరు సంపాదించాడు. ఆయన వేసిన స్త్రీల తల వెనక తరచుగా ఇలాగే ఒక గుండ్రని చక్రం, దాని నిండా పువ్వులో నక్షత్రాలో వుంటాయి. మా పిల్ల మొట్టమొదట చేసింది అదే. నేను పండుగనాడు పెట్టిన మెలికల ముగ్గుని మేడ మీదినుంచి ఫొటో తీసింది, దాన్ని లేత పసుపు చేసి పెళ్ళికూతురి తల వెనక గుండ్రంగా పెట్టింది. వెనకంతా ఒకే వంగపండు రంగు, కింద కొంచెం ముదురు, పైన కొంచెం లేత. అరగంట పని. దమ్మిడీ ఖర్చు లేదు. ముగ్గు నాదే కనుక ఎవరూ కబురు పంపరు.

తక్కువ వేస్తే తక్కువగా కనిపిస్తుందేమోనని భయపడే వారికి ఇంకొక సంగతి. డిస్నీ వారు "బాంబీ" అనే జింకపిల్ల సినిమా తీస్తున్నప్పుడు అడవిని ఆకు ఆకునా వేశారట. తీరా చూస్తే ఆ ఆకుల్లో జింక కనిపించలేదు! అప్పుడు టైరస్ వాంగ్ అని, చైనాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన చిత్రకారుడు, వెయ్యేళ్ళ కిందటి సోంగ్ కాలపు చైనా చిత్రాలని మనసులో పెట్టుకుని కొన్ని అడవి బొమ్మలు వేసి చూపించాడు. జింక చుట్టూ కొంచెం గడ్డి, ఒకటి రెండు మానులు, మిగతాదంతా పొగమంచు. సినిమా మొత్తానికి అదే పద్ధతి అయింది. 1942లో సినిమా విడుదలయ్యేసరికి ఆయన ఆ ఉద్యోగంలో లేడు. తెర మీద ఆయన పేరు కూడా నలుగురిలో ఒకటిగా వేశారంతే. 106 ఏళ్ళు బతికి 2016లో పోయాడు. మన బాపుగారి బొమ్మలు మాత్రం? ఒక స్తంభం, ఒక మంచం కోడు గీస్తే ఇల్లు మొత్తం మనమే వూహించుకుంటాం. ఎంత ఆదా చూడండి!

పొగమంచు అన్నాను కదా, దాని కిటుకు గోదావరి మీద లాంచీలో పాపికొండలు చూసినవారికి చెప్పనక్కర్లేదు. దగ్గరి కొండ పచ్చగా వుంటుంది. దాని వెనకది నీలంగా వుంటుంది. ఆ వెనకది బూడిద కలిసిన నీలం. అన్నిటికీ వెనకది ఆకాశంలో కలిసిపోతుంది. అక్కడ చెట్లు లేక కాదు. మధ్యలో వున్న గాలీ తేమా వెలుతురుని చెదరగొట్టి ఆ తెల్లదనాన్ని మన కంటికి పంపుతాయి. అందుచేత కొండ ఒకటి వేసుకుంటే చాలు. దాన్నే మూడుసార్లు నకలు తీసి, ఒక్కొక్క నకలుకీ ఆకాశపు రంగు కాస్త కాస్త ఎక్కువ కలిపి, కొంచెం పక్కకి జరిపి, ఒకటి తిరగేసి పెడితే పాపికొండలే. బజారైనా అంతే, అడవైనా అంతే. దూరం పోయినకొద్దీ రంగు వెలియాలి, అంచు మెత్తబడాలి, వివరం తగ్గాలి. ముందున్న కొమ్మ ఒక్కటే ఆకులతో సహా వేసుకుంటే చాలు.

ఇప్పుడు ఫొటో సంగతి. ఫోను వున్నవాళ్ళందరి దగ్గరా వుచితంగా దొరికే దృశ్యాలు ఇవే. మా వీధి, మా పెరడు, రైల్వేస్టేషను బెంచీ, కూరగాయల మార్కెట్టు, అన్నీ మేమే తీశాం. తీసి దాని మీద మనిషిని పెడితే మొదటి పది బొమ్మలూ నవ్వులాటగా వచ్చాయి. గోడ మీద సినిమా పోస్టరు అంటించినట్లు వున్నాడు మనిషి. ఎందుకలా వుందో మాకు నాలుగు రోజులదాకా అర్థం కాలేదు. తెలిసిన డ్రాయింగు మాస్టారొకరు చెబితే తెలిసింది, కంటి ఎత్తు తేడా అని.

ఇది కాస్త నిదానంగా వినండి, ఇందులోనే సగం విద్య వుంది. సమంగా వున్న నేల మీద మీరు నిలబడి, ఫోను మీ కళ్ళ ఎదురుగా పట్టుకుని ఫొటో తీశారనుకోండి. దూరాన నేలా ఆకాశమూ కలిసేచోట ఒక గీత వుంటుంది. మీ అంత ఎత్తున్న మనిషి దగ్గర నిలబడినా, వంద గజాల దూరాన నిలబడినా ఆ గీత వాళ్ళ కళ్ళ మీదినుంచే పోతుంది. దూరంగా వున్నవాళ్ళు చిన్నగా కనిపిస్తారే గాని కళ్ళు ఆ గీత మీదే వుంటాయి. అదే మీరు పీట మీద కూర్చుని తీస్తే గీత నిలబడినవారి నడుం దగ్గరికి దిగుతుంది. మేడ మీదినుంచి తీస్తే అందరి తలల పైకీ పోతుంది. కాబట్టి మనిషి బొమ్మని ఫొటోలో పెట్టేటప్పుడు ముందు ఆ గీత ఎక్కడుందో చూసుకోవాలి. గదిలో గీత కనిపించదు కదా అంటారేమో. నేల మీద బండల అంచులు, గోడకున్న అలమర అంచులు, లోపలికి పోయే గీతలన్నీ స్కేలు పెట్టి పొడిగించండి. అవన్నీ ఒకచోట కలుస్తాయి. ఆ చుక్క ఎంత ఎత్తులో వుందో కంటిగీతా అంత ఎత్తులోనే వుంటుంది.

గీత కుదిరాక వెలుతురు. ఫొటోలో నీడలు ఎడమ పక్కకి పడుతుంటే మనిషికి వెలుతురు కుడి పక్కనుంచి రావాలి. మా పిల్ల వేసే పెళ్ళికూతుళ్ళందరికీ వెలుతురు ఎప్పుడూ ఎడమనుంచే వచ్చేది. అలవాటు! అలాంటప్పుడు మనిషిని మార్చేకన్నా ఫొటోని అద్దంలో ప్రతిబింబంలా తిరగెయ్యడం తేలిక. గోడ మీద అక్షరాలుంటే మాత్రం తిరగబడిపోతాయి, చూసుకోండి. మా బొమ్మల్లో ఒకదాంట్లో కిరాణా కొట్టు బోర్డు మొత్తం తిరగబడి వుంది, ఇచ్చాక గాని చూసుకోలేదు.

ఇంకొకటి పాదాల కింద నీడ. పాదం నేలకి ఆనేచోట సన్నగా, బాగా ముదురుగా ఒక గీత పడాలి. అక్కడినుంచి దూరం పోయినకొద్దీ మెత్తబడాలి. అది లేకపోతే ఎంత అందమైన పెళ్ళికూతురైనా నేల మీద కాలు మోపదు. ఆ తర్వాత వెనక వున్న రంగులో ముఖ్యమైనదాన్ని, పెరడైతే ఆకుపచ్చని, సాయంకాలమైతే నారింజని, మనిషి మీద పలచగా పదో వంతు పుయ్యాలి. పసుపు బట్టతో కలిపి వుతికిన తెల్లచీరకి ఆ ఛాయ అంటుకున్నట్టు. అప్పుడు ఇద్దరూ ఒకే గాలి పీలుస్తున్నట్టుంటుంది.

ఫొటోని ఫొటోలాగే వుంచితే గీసిన మనిషి దాని ముందు ఇమడదు. అందుకని కొంచెం మసక చెయ్యాలి, రంగులు తగ్గించాలి, ఆ పైన పెద్ద కుంచె తీసుకుని ఆ ఫొటోలో రంగులే అద్దుకుంటూ పూసుకుపోవాలి. చిన్న కుంచె పట్టుకుంటే తెల్లవారిపోతుంది. ఆఖరున ఒక పరీక్ష. బొమ్మకి అన్నిటికన్నా పైన ఒక పొర పెట్టి, నలుపుతో నింపి, దాని రకాన్ని "కలర్" అని మారిస్తే బొమ్మంతా నలుపు తెలుపుగా కనిపిస్తుంది. అప్పుడు మొహం దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ తెలుపు నలుపుల తేడా వుందా, లేక వెనక కిటికీ ఎక్కువ మెరుస్తోందా తెలిసిపోతుంది. కిటికీ మెరుస్తుంటే కిటికీని తగ్గించాలి. పొరలు లేనివారు కళ్ళు సగం మూసి చూసినా చాలు.

వీటికి ఏ సాఫ్ట్‌వేరు వాడామని అడుగుతారేమో. ఫోనులో ఐబిస్ పెయింట్ వుంది. వుచితమే గానీ కొన్ని కుంచెలు కావాలంటే ప్రకటన చూడాలి. మా అక్క కొడుకు వదిలేసిన పాత లాప్‌టాప్‌లో క్రిటా వేసుకున్నాం. దాని సొంత వెబ్‌సైటు నుంచి దించుకుంటే పైసా తీసుకోరు. అందులో దూరం పోయే గీతలకి ఆసరాగా పనికొచ్చే కొలబద్దలు వున్నాయి, మన చెయ్యి వణికినా గీత ఆ చుక్క దగ్గరికే పోతుంది. కీబోర్డులో డబ్ల్యూ నొక్కితే ఇంకో వింత. ఒక ఇటుక వేస్తే నాలుగు పక్కలా అదే ఇటుక పరుచుకుపోతుంది. చీర అంచు వేసే అచ్చులాగా అన్నమాట. ఒక గళ్ళ నేల, ఒక పెంకుల కప్పు ఇలా ఒక్కసారి చేసి దాచుకుంటే జీవితాంతం పనికొస్తాయి.

దాచుకోవడం అంటే సురభి నాటకాలు గుర్తుకొస్తాయి నాకు. చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన ఆ నాటకాల కుటుంబాలు, వూరూరా తిరుగుతూ ఎన్ని నాటకాలు ఆడినా నాటకానికొక పరదా రాయించుకోరు. దర్బారు ఒకటి, వీధి ఒకటి, అడవి ఒకటి, పైనుంచి దిగుతాయి, పైకి పోతాయి. నిన్న కంసుడి కొలువైన దర్బారే ఇవాళ ఇంకొకరి కొలువు. పాడేవాళ్ళు పాడుతుంటే పరదా పాతదని ఎవరికి గుర్తుంటుంది?

మా పిల్ల కూడా లాప్‌టాప్‌లో "పరదాల పెట్టె" అని ఒకటి పెట్టుకుంది. పెళ్ళి పందిరి, పెంకుటిల్లు అరుగు, ఏటి ఒడ్డు, మేడ మీది పిట్టగోడ, బడి వరండా, అన్నీ కలిపి తొమ్మిది వున్నాయి. ప్రతిదీ పగటి వెలుగులో, మబ్బు పట్టిన రోజులాగా నీడలు లేకుండా వేసి దాచుకుంది. ఎందుకంటే నాటకాల్లో దీపానికి రంగు జిలటిన్ కాగితం అడ్డం పెట్టి పగటిని రాత్రి చేస్తారు చూడండి, ఇక్కడా అంతే. పైన ఒక పొర వేసి నీలం నింపి దాని రకం "మల్టిప్లై" అని పెడితే కింద వున్నదంతా ఆ నీలంలో ముదురుతుంది. నారింజ నింపితే సాయంకాలం. వంగపండు రంగు నింపితే దీపాలవేళ. రాత్రి అయితే కిటికీ వున్నచోట ఆ నీలాన్ని చెరిపేసి, పైన పసుపు "స్క్రీన్" పొరలో వేస్తే ఇంట్లో దీపం వెలిగినట్టే. తొమ్మిది పరదాలూ నాలుగు వేళలూ, ముప్ఫై ఆరు దృశ్యాలు. అటూ ఇటూ తిరగేస్తే డెబ్బై రెండు. లెక్క నేనే చెప్పాను, మురిసిపోయింది.

కంప్యూటరు లేనివారికి చేతి పనులు కొన్ని చెబుతాను. బడిలో వేపరెమ్మ కాగితం మీద పెట్టి, పాత పళ్ళు తోముకునే బ్రష్షు రంగులో ముంచి, దువ్వెన మీద గీసి జల్లు కొట్టేవాళ్ళం, గుర్తుందా? రెమ్మ తీస్తే దాని ఆకారం తెల్లగా మిగులుతుంది. అది అడవి. నల్ల కాగితం మీద తెల్ల రంగు అలాగే జల్లితే నక్షత్రాలు. తడిపిన డ్రాయింగు కాగితం మీద నీలం పోస్టరు రంగు పారించి, ఆరకముందే దూదితో అద్ది తీస్తే మబ్బులు. అన్నిటినీ ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో ఫొటో తీసుకుని బొమ్మ వెనక పెట్టుకోవడమే. పోస్టరు రంగంటే తక్కువ చూపు వద్దు. జపానువారి "టొటోరో" సినిమా 1988లో వచ్చింది. అందులో ఆ పచ్చిక, ఆ మబ్బులు కజువో ఓగా అనే ఆయన బృందం పోస్టరు రంగులతోనే వేసింది.

గది కావాలంటే చెప్పుల డబ్బా. ఒక పక్క కోసేసి, కిటికీ కత్తిరించి, అగ్గిపెట్టెల మంచం, బల్ల పెట్టి, కిటికీ బయటినుంచి టార్చి వేస్తే వెలుతురు నేల మీద ఎలా పడాలో అదే చూపిస్తుంది, నీడలు మనం వూహించనక్కర్లేదు. ఫోను డబ్బాలోపలి నేలకి దగ్గరగా, అగ్గిపెట్టె మంచం పక్కన మనిషి నిలబడితే కళ్ళు ఎక్కడుంటాయో అక్కడ పెట్టి తీయాలి. ఇదే పని కంప్యూటరులో చెయ్యాలంటే బ్లెండర్ అనేది వుంది. 2002లో జనం చందాలు వేసుకుని లక్ష యూరోలిచ్చి దాన్ని అందరికీ వుచితం చేసుకున్నారు. పెద్ద విద్య. మా పిల్ల అందులో డబ్బాలు పేర్చి వీధి వరకే చేసుకుంటుంది, మిగతాది మీద గీసుకుంటుంది. పాత లాప్‌టాప్ కనుక కాసేపటికి అట్లపెనంలా కాగుతుంది.

అడిగితే క్షణంలో దృశ్యం వేసి ఇచ్చే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చాయి కదా, వాటిని వాడుకోకూడదా అని మా వారి ప్రశ్న. చేత్తో వేసినదని చెప్పి డబ్బు పుచ్చుకుని యంత్రం వేసినది ఇవ్వడం నా మట్టుకు నాకు నచ్చదు. వాడదలిస్తే వాడానని ముందే చెప్పాలి. మా పిల్ల అయితే వద్దంది. ఒకసారి కాలింది కదా.

ఆ తొమ్మిది పరదాల్లో పెంకుటిల్లు అరుగు అన్నాను, అది మా అమ్మగారిల్లు. రెండేళ్ళ కిందట అమ్మేశాం, కొన్నవారు పడగొట్టి మేడ కట్టారు. పడగొట్టేముందు మా అక్క ఊరికే నాలుగు ఫొటోలు తీసింది, మసగ్గా వున్నాయి, ఒకదాంట్లో వేలు అడ్డం వచ్చింది. వాటినే పెట్టుకుని ఈ పిల్ల పన్నెండు రోజులు కూర్చుని అరుగు వేసింది. అరుగు ఎత్తు ఎంతో, స్తంభం ఎంత లావో నన్నూ మా అక్కనీ అడిగి అడిగి ప్రాణం తీసింది. స్తంభం చుట్టూ నా చేతులు కలిసేవి కావని చెప్పాను. చిన్నప్పటి చేతులు కదా పిన్నీ, అని నవ్వింది. మొన్న మాఘమాసంలో ఒక శుభలేఖ మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆ అరుగు మీద కూర్చున్నారు. ఆ పెళ్ళివారు మేడ కట్టిన వీధి చివరే వుంటారు, ఆ ఇల్లు చూసినవారు కారు. "ఈ అరుగు ఎక్కడిదమ్మాయ్, చాలా బాగుంది" అని అడిగి అయిదు వందలు ఎక్కువ ఇచ్చారట. మా అక్క చీటీ డబ్బు దానితో తీరిపోయింది.

ఇప్పుడు పదో పరదాకి నూతిగట్టు కావాలట. మా పెరట్లో నుయ్యి ఇంకా వుంది. మధ్యాహ్నం వస్తే నీడలన్నీ కాళ్ళ కింద నల్లగా ముద్దకడతాయి, తెల్లవారి ఆరింటికి ఎండ పడకముందు రమ్మన్నాను.